గడప దాటనివ్వని జ్వరం

1998 మే నెల. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కీమోథెరపీ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. వార్డంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఎనిమిది మంచాలు, రెండు కిటికీలు, చల్లగాలి కంటే చప్పుడే ఎక్కువిచ్చే ఒక కూలరు. కీమో అంటే క్యాన్సర్ కణాలను చంపే మందులను సెలైన్‌తో పాటు నరంలోకి ఎక్కించడం. ఒకసారి ఎక్కించి, ఒంటికి తేరుకునే వ్యవధి ఇచ్చి, మూడు వారాల తర్వాత మళ్ళీ ఎక్కిస్తాం. ఒక్కో విడతను సైకిల్ అంటాం. రొమ్ము క్యాన్సర్‌కు మా డాక్టరు గారు ఆరు సైకిళ్ళు రాసేవారు.

ఆ పనిలో చాలా ఏళ్ళు గడిపాను. బాగా గుర్తున్న కేసు చెప్పమని ఎవరైనా అడిగితే ముందు సుగుణ గుర్తొస్తుంది, వెంటనే కోపం వస్తుంది. ఆ కోపంలో కొంత నా మీద నాకే.

మా వార్డులో ఎక్కడా రాసిపెట్టని రూలు ఒకటుండేది. ఆడమనిషికి ఆమె జబ్బు పేరు చెప్పకూడదు. రిపోర్టు రాగానే డాక్టరు గారు భర్తనో, అన్ననో, కొడుకునో గదిలోకి పిలిచి తలుపు వేసేవారు. ఆమె బయట బెంచీ మీద కూర్చునేది. రొమ్ము ఆమెది, గడ్డ ఆమెది, రేపు కోత పడేది ఆమెకు. మాట్లాడటం మాత్రం మగవాడితో. "చెప్తే బెంబేలు పడిపోతుంది సిస్టర్, వైద్యం మధ్యలో మానేస్తుంది" అనేవారు. మగ రోగి అయితే నేరుగా అతనితోనే మాట్లాడేవారు. మగవాళ్ళ గుండెలు గట్టివని ఎవరు పరీక్ష చేసి తేల్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

సుగుణది పాకాల దగ్గర ఒక పల్లె. ముప్ఫయ్యారేళ్ళు. వేరుశెనగ చేను, కాసిని మామిడి చెట్లు ఉన్న కుటుంబం. భర్త మునిరత్నం నెమ్మదస్తుడు, నలుగురిలో గొంతెత్తని మనిషి. ఇంట్లో అత్త చెంగమ్మ పెద్ద దిక్కు. ఆపరేషన్ చేసి సుగుణ ఎడమ రొమ్ము తీసేశారు. చెడ్డ గడ్డ కాబట్టి తీశామని ఆమెకు చెప్పారు. అంతే చెప్పారు.

మొదటి సైకిల్ రోజు ఎర్రటి మందు సిరంజిలోకి తీస్తుంటే ఆమె అడిగింది.

"ఇదేంది సిస్టరు, ఇంత ఎర్రగా ఉండాది?"

"బలానికమ్మా" అన్నాను.

"ఆపరేషనైనోళ్ళందరికీ ఇస్తారా?"

"అందరికీ కాదు, నీరసంగా ఉన్నవాళ్ళకు."

అబద్ధం చాలా తేలిగ్గా వచ్చింది. అప్పటికి ఎంతమందికి చెప్పానో. మూత్రం ఒక రోజు ఎర్రగా వస్తుంది, భయపడొద్దు అని కూడా చెప్పాను. బలం మందుకు మూత్రం ఎందుకు ఎర్రబడుతుందని ఆమె అడిగింది. అది మందు రంగేలే అని తప్పించుకున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి ఊరుకుంది. ఏమీ తెలియని మనిషి కాదు, తెలివైన మనిషి. తెలియనివ్వనిది మేము.

ఇంటికి పంపేముందు మునిరత్నాన్ని పక్కకు పిలిచి, జ్వరం తగిలితే ఆ పూటే తీసుకురావాలని చెప్పాను. తల ఊపాడు. పక్కనే నాలుగడుగుల దూరంలో సుగుణ చీరలు సంచిలో సర్దుకుంటోంది. ఆ మాట ఆమెకు కూడా చెప్పాలని నాకు తోచలేదు.

రెండు వారాలకు జుట్టు పట్టుకుంటే ఊడి వచ్చేసింది. మునిరత్నం భార్యను తిరుమల తీసుకెళ్ళి తలనీలాలు ఇప్పించాడు. మా జిల్లాలో గుండు చూసి ఎందుకని ఎవరూ అడగరు, ఏ మొక్కో ఉండి ఉంటుందనుకుంటారు. రెండో సైకిల్‌కు వచ్చినప్పుడు సుగుణ తల తడుముకుంటూ, "నాకు లేని మొక్కు ఆయప్పకు యాడ గుర్తొచ్చిందో సిస్టరు" అంది. మొగుణ్ణి ఉద్దేశించి నవ్వుతూనే అంది గానీ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. నేను సెలైన్ చుక్కలు సరిచేస్తున్నట్టు తల తిప్పుకున్నాను. ఆ రోజు కూడా జ్వరం మాట మునిరత్నానికే చెప్పాను.

ఆ తర్వాత పన్నెండో రోజున, పదకొండు గంటలప్పుడు, మునిరత్నం ఒక్కడే వార్డుకు వచ్చాడు.

"సిస్టరు, మా ఇంటామెకు నోట్లో పుండ్లు లేసినాయి. అన్నం మింగేదానికి కాలా. ఏమన్నా పూతమందు ఇప్పిస్తారా?"

"జ్వరం ఉందా?"

అతను నేల చూపులు చూశాడు. "కాక ఉండాది. మూన్నాళ్ళ నుంచి."

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. కీమో మందుకు క్యాన్సర్ కణం వేరు, మంచి కణం వేరు అని తెలియదు. వేగంగా పెరిగే కణాలన్నిటినీ దెబ్బతీస్తుంది. జుట్టు రాలడం, నోరు పూయడం, వాంతులు అందుకే. రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు కూడా పది పన్నెండు రోజులకు బాగా తగ్గిపోతాయి. దాన్ని కౌంట్ పడిపోవడం అంటాం. కౌంట్ తగ్గిన ఆ రోజుల్లో జ్వరం వస్తే గంటల్లోనే ప్రాణం పోవచ్చు. మిగతా బాధలన్నిటికీ ఓర్చుకోమని చెప్పగలం. జ్వరానికి మాత్రం ఓర్చుకోకూడదు.

"ఆ పూటే తీసుకురమ్మని రెండుసార్లు చెప్పాను కదయ్యా!" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది.

"గుర్తుండాది సిస్టరు. మాయమ్మ గడప దాటనీలా. పెదాల సుట్టూ నీటిపొక్కులు లేసినాయి. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపాకు కట్టేసింది. సూదీ మందూ వద్దంటాది."

అమ్మవారంటే మా వైపు వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలం, జాతరల నెల, ఒంటి మీద పొక్కులు, పైన జ్వరం. ఆటలమ్మ వచ్చిందనుకుంటారు. తల్లి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తాలింపు వెయ్యరు, బయటివాళ్ళను రానివ్వరు, మందు మింగనివ్వరు. మనిషిని వేపాకు మీద పడుకోబెట్టి, చివర నీళ్ళు పోసి తల్లిని సాగనంపుతారు. అసలు సంగతి తెలియని చెంగమ్మ ఇంకేమనుకుంటుంది? ఆమె స్థానంలో మా అమ్మ ఉన్నా అదే చేసేది.

"మీ అమ్మకు జబ్బు పేరు చెప్పలేదా?"

"మాయమ్మ తట్టుకోలేదు సిస్టరు. ఊర్లో తెలిస్తే అంటురోగమంటారు, సెంబు గూడా ముట్టుకోరు. ఆడోళ్ళకు సెప్పొద్దని డాక్టరు గూడా అన్నాడు గదా. బలానికి సీసాలు పెడతాండారని సెప్పినా."

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఒక్క క్షణం తర్వాత, బలానికి అన్న మాట మొదట అన్నది నేనేనని గుర్తొచ్చి చెయ్యి దించుకున్నాను.

డ్యూటీ డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. "తీసుకొస్తే చూద్దాం సిస్టర్. మనం ఇళ్ళకెళ్ళి తెస్తామా?" అన్నాడు. ఇన్‌ఛార్జికి చెప్పి అప్పుడే డ్యూటీ దిగాను. అద్దె జీపు మాట్లాడుకుని మునిరత్నంతో బయలుదేరాను. దారి పొడవునా అతను ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు.

ఇంటి గుమ్మంలోనే చెంగమ్మ అడ్డం నిలబడింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది.

"ఎవరమ్మా నువ్వు? ఈడ తల్లి ఉండాది. బయటోళ్ళు లోనికి రాగూడదు."

"నేను ఆసుపత్రి నర్సునమ్మా. సుగుణను తీసుకెళ్ళాలి."

"తల్లి ఇంట్లో ఉండంగా సూదులేంది? ఐదోనాడు నీళ్ళు పోస్తాం. ఆపైన తీస్కపో."

ఐదోనాడంటే ఇంకా రెండు రోజులు. అప్పటికి తీసుకెళ్ళడానికి మనిషి మిగలదు. మునిరత్నం వైపు చూశాను. అతను చెప్పులు చూసుకుంటున్నాడు. పెళ్ళాం ప్రాణం మీదికొచ్చినా ఆ నోరు పెగల్లేదు. ఇక నేనే చెప్పాను.

"అమ్మా, మీ కోడలికి క్యాన్సరు. రొమ్ము తీసింది అందుకే. మేము ఎక్కించేది బలం మందు కాదు, క్యాన్సర్‌ను చంపే మందు. దాని వల్ల ఒంట్లో తట్టుకునే శక్తి పోయింది. ఆ పుండ్లు, ఆ పొక్కులు, ఆ జ్వరం అందుకే వచ్చాయి. ఇది అమ్మవారు కాదు."

చెంగమ్మ కొడుకు వైపు తిరిగింది. "నిజమా నాయనా?"

అతను తల ఊపాడు.

"ఎన్నాళ్ళాయె?"

"మూడు నెల్లు."

"మూడు నెల్లు! నేను తట్టుకోలేనని సెప్పలేదా? నీకు ముందు ముగ్గురు బిడ్డల్ని మట్టిలో పెట్టినదాన్నిరా. నేను తట్టుకోలేనా? దాన్ని మూన్నాళ్ళు ఆకుల మీద పడుకోబెడితినే. నాకు సెప్పింటే మొదటినాడే మోసుకోనన్నా తెచ్చిందును గదరా!"

కొట్టలేదు గానీ ఆ మాటలకు అతను గోడకు ఆనుకుపోయాడు. అమ్మవారి సంగతి ఏం చెయ్యాలని నసిగాడు.

"తల్లితో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు పోయి జీపు తిప్పించు" అని ఆమె లోపలికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. సుగుణ కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది, పెదాలు ఎండి నెత్తురు కట్టాయి. "లెయ్‌మే, పోదాం" అంటూ చెంగమ్మే ఆమె చంకల కింద చేతులు వేసి లేపింది.

ఆ రక్తపరీక్ష రిపోర్టు ఇప్పటికీ మరిచిపోలేను. వేలల్లో ఉండాల్సిన కౌంట్ వందల్లోకి పడిపోయింది. ఇంకొక్క రోజు ఆగి ఉంటే దక్కేది కాదని డాక్టరు గారే అన్నారు. అలా అన్నాయన మొహంలో తన తప్పేదైనా ఉందేమోనన్న అనుమానం కూడా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వారం రోజులు నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించాం. చెంగమ్మ మంచం దగ్గర నుంచి కదల్లేదు. నేను ఆమెకు ఉప్పూ వంటసోడా కలిపిన నీళ్ళతో నోరు పుక్కిలించడం, ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం నేర్పాను. మిగతాదంతా అమ్మవారి పథ్యంలో ఆమెకు వచ్చినదే. కారం లేని మెత్తని చల్లని తిండి పెట్టడం, బయటివాళ్ళను దగ్గరికి రానివ్వకపోవడం ఆమెకు నేను చెప్పాలా? చూడ్డానికి వచ్చిన చుట్టాలను వార్డు తలుపు దగ్గరే నిలబెట్టి తిప్పి పంపేది. తట్టుకోలేదని మేమందరం దాచింది ఈ మనిషి దగ్గర!

ఐదో రోజు సుగుణకు కాస్త మాట వచ్చింది.

"ఆ పొద్దు గుమ్మం కాడ నువ్వు సెప్పిందంతా నాకు ఇనబడె సిస్టరు."

అలా తెలియాల్సింది కాదు, తప్పయిపోయింది, క్షమించమని అడిగాను. పరవాలేదని అంటుందనుకున్నాను. అనలేదు.

"నువ్వు గూడా బలం మందంటివి గదా" అంది.

అవునన్నాను. ఆమె మళ్ళీ అంది.

"కాక వచ్చిందని నాకు తెలుసు. కాకొస్తే ప్రాణానికి మోసమని ఆయప్పకు తెలుసు. రెండూ నాకే తెలిసింటే ఆ పొద్దే బస్సెక్కి వచ్చిందును గదా సిస్టరు. ఎవుర్నీ అడిగుండను."

ఇంకా ఎన్నిసార్లు ఎక్కించాలని అడిగింది. నాలుగన్నాను. ఏ మందు ఏం చేస్తుందో ఒక్కొక్కటీ చెప్పమంది. వాంతులు ఎన్నాళ్ళుంటాయి, గోళ్ళు ఎందుకు నల్లబడతాయి, జుట్టు మళ్ళీ వస్తుందా, నెలసరి ఆగిపోతుందా. అన్నీ చెప్పాను. నాకు తెలియనివి తెలియదనే చెప్పాను. బెంబేలు పడలేదు, గుండె జారిపోలేదు. కొంచెంసేపు ఏడ్చింది. తర్వాత మజ్జిగ అడిగి తాగింది.

మర్నాడు రౌండ్స్‌లో డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. "రోగికి చెప్పమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. చెప్పొద్దన్నందుకే ఆమె ఇలా వచ్చింది."

మెమో ఇచ్చారు. తీసుకున్నాను. దానికి రాసిన జవాబులో క్షమాపణ మాట లేదు.

నాలుగో సైకిల్ తర్వాత సుగుణకు మళ్ళీ జ్వరం వచ్చింది. మునిరత్నం అప్పటికే చేనుకు వెళ్ళిపోయాడు. అతనికి కబురు చేసేదాకా కూడా ఆగకుండా అత్తను వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చేసింది. వార్డులోకి వస్తూనే, "కౌంట్ పడిపోయినట్టుండాది, నెత్తురు తియ్యి సిస్టరు" అంది. నిజంగానే పడిపోయింది. వెంటనే మందు మొదలుపెట్టాం కాబట్టి మూడు రోజుల్లో ఇంటికి వెళ్ళింది. ఆరు సైకిళ్ళూ పూర్తి చేసింది.

నేను నేర్చుకున్నది ఇదే. కీమో వల్ల వచ్చే బాధలకు మా దగ్గర మందులున్నాయి. తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలియని మనిషికి ఆ మందులు సమయానికి అందవు. "ఆమెకు మాత్రం చెప్పకండి సిస్టర్" అని చేతులు పట్టుకుని బతిమాలే మగవాళ్ళు ఆ తర్వాత కూడా ఎంతోమంది వచ్చారు. వాళ్ళకు ప్రేమ లేదని నేను అనను. మునిరత్నానికీ ప్రేమ ఉంది, ఆ ప్రేమే పెళ్ళాన్ని చావు దాకా తీసుకెళ్ళింది. వాళ్ళను నేను అడిగేది ఒక్కటే. "జ్వరం వచ్చేది మీకా, ఆమెకా?" జవాబు కోసం ఆగను. నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి ఆమెను పేరు పెట్టి పిలుస్తాను.