వరస కుదరని పుస్తకం

పుస్తకం ఎలా ఉందని మా ఇంట్లో ఎవరినీ అడక్కూడదు. అడిగితే పుస్తకం గురించి తప్ప లోకంలో ఉన్నవన్నీ చెబుతారు. ఈ సంగతి తెలిసి కూడా నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నాను. బుద్ధి రావాలంటే నాకు ఇంకెన్ని ఆదివారాలు కావాలో తెలియదు.

మాది కోయంబత్తూరులో వీధులు ఊడ్చేవాళ్ళకు కార్పొరేషన్ వరసగా కట్టించిన లైన్ ఇళ్ళు. ఆంధ్ర నుంచి ఎన్ని తరాల కిందట వచ్చామో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇంట్లో తెలుగు, వీధి మలుపు దాటితే తమిళం. చదువులన్నీ తమిళంలోనే. ముప్పై ఏళ్ళు దాటాక నేను పిల్లల అఆల పుస్తకం ఒకటి తెప్పించుకుని, పనిచేసే ఆసుపత్రి రికార్డు గదిలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మా లైన్ మొత్తానికి తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు వినగలరు కదా అని తెలుగు నవలలు ఫోన్లో వినిపించే ఏర్పాటు చేశాను. వారమంతా ఎవరి పనిలో వాళ్ళు ఒకే పుస్తకం వినాలి. ఆదివారం భోజనాలయ్యాక మా ముందు గదిలో కూర్చుని అభిప్రాయాలు చెప్పుకోవాలి. పథకం వినడానికి ఎంత బాగుందో చూడండి. నాతో కలిపి నలుగురం: మా అమ్మ, మా మేనత్త, మా అన్న, నేను.

అన్న మేట్టుపాళయం మండీ నుంచి కూరగాయలు తెచ్చే వ్యాను నడుపుతాడు. ఇక్కడ బయలుదేరినప్పుడు పుస్తకం పెడతాడు, మేట్టుపాళయం రాగానే ఆపేస్తాడు. తిరుగు ప్రయాణంలో నిద్ర రాకుండా సినిమా పాటలు కావాలట. అంటే ప్రతి నవలలోనూ మొదటి గంట మాత్రమే విన్నవాడన్నమాట. అయినా తీర్పు మాత్రం పూర్తిగా ఇస్తాడు. ఒక నవలలో ఊరిమీద తిరిగే కుర్రవాణ్ణి చూసి, వీడు ఈ జన్మలో బాగుపడడని తేల్చేశాడు. చివరికి వాడు కలెక్టరయ్యాడు మహాప్రభో అన్నాను. అయితే లంచాలు తింటాడు అన్నాడు, చెవిలో పుల్ల పెట్టుకుంటూ.

మేనత్త మా ఇంటికి రెండు గుమ్మాల అవతల ఉంటుంది. ఒక కాలేజీ మెస్సులో వంట చేస్తుంది. ఆమె శ్రద్ధగా వింటుంది, ఒక్కోసారి రెండుసార్లు వింటుంది. కానీ కథలో ఎవరైనా భోజనం చేయకుండా లేచిపోతే ఆమె అక్కడే ఆగిపోతుంది. ఆ తరువాత ఇంట్లో దొంగలు పడినా, పెళ్ళి తప్పిపోయినా ఆమెకు పట్టదు. వాడు మళ్ళీ తిన్నాడా లేదా అన్నది తేలాలి. రచయితలు ఇలాంటివి చెప్పరని ఎన్నిసార్లు చెప్పినా, అయితే వాళ్ళకి వంట మనిషి గోడు తెలియదని కొట్టిపారేస్తుంది.

వీళ్ళిద్దరినీ భరించవచ్చు. అసలు దోషి మా అమ్మ.

అమ్మ పుట్టింది మదురైలో తెలుగువాళ్ళ లైన్లలోనే. పెళ్ళై ఇక్కడికి వచ్చాక కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పని చేసి రిటైరైంది. షుగరు వల్ల చూపు మసకబారాక ఫోను పగలంతా చెవి దగ్గరే. మాలో ఒక పద్ధతి ఉంది. బస్టాండులో ఇద్దరు తెలుగువాళ్ళు తారసపడితే పేర్లు అడగకముందే ఏ లైను, ఎవరింటి మనిషి అని అడిగి, వరస కలుపుకుంటారు. అక్కవుతుందా, వదినవుతుందా, పిన్నవుతుందా. ఆ వరస తేలితేగానీ నోరు పెగలదు, ఎందుకంటే వేళాకోళం ఆడాలో, మర్యాదగా కొంగు సర్దుకోవాలో తెలియదు. అమ్మ ఈ పద్ధతిని పుస్తకాల్లోకి కూడా తెచ్చింది. మొదటి అధ్యాయంలో ఒక ఆడమనిషి ప్రవేశించిందంటే చాలు, ఫోను ఆపి మా అత్తను కేకేస్తుంది. ఆ వచ్చిన ఆమె మనకేమవుతుంది? ఇద్దరూ తర్జనభర్జన పడి ఒక వరస నిర్ణయిస్తారు. ఇక ఆ నవల పని అయిపోయినట్టే. కోడలి వరస పడినదానికి ఒళ్ళంతా తప్పులే. కూతురి వరస పడినది ఇల్లు తగలబెట్టినా దానికి కారణం ఉంటుంది.

ఒక నవలలో కథానాయిక మొగుడి మీద అలిగి పుట్టింటికి వచ్చేసింది. ఆమె మా అమ్మకు కూతురి వరస. అమ్మ వెంటనే ఫోను కట్టేసి, ఆ మొగుడు వచ్చి మన్నించమని అడిగేదాకా మిగతా కథ విననని భీష్మించుకుంది. అతను ఇంకో ఎనిమిది అధ్యాయాల దాకా రాడమ్మా, విననిదే ఎలా వస్తాడు అని తల బాదుకున్నాను. రానివాడికోసం మనమేల పోవాల అంది. రెండు వారాలు ఆ పుస్తకం అక్కడే పడి ఉంది. నేను శైలి గురించి, శిల్పం గురించి నాలుగు మాటలు రాసిపెట్టుకున్న కాగితం మడిచి పప్పుడబ్బా కింద పెట్టుకున్నాను.

ఇంత విసుగు పడుతూ ఎందుకు కొనసాగించానంటే, నాకొక స్వార్థం ఉంది. ఎవరికీ చెప్పకుండా నేనూ ఒక పుస్తకం రాస్తున్నాను. మా లైన్ల గురించి, ముఖ్యంగా మా అమ్మ గురించి. నాలుగేళ్ళు పట్టింది. ఆంధ్రలో ఒక చిన్న ప్రచురణకర్త చదివి బాగుందన్నారు. భాష కూడా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారు. ఆఖరి ప్రతి సోమవారానికి పంపితే అచ్చుకు ఇస్తానన్నారు. ఆయన మా లైన్లను చూసినవారు కాదు. అందులో మా అమ్మ ఉందా లేదా అన్నది చెప్పగలిగేది ఈ ముగ్గురే. నాదని చెబితే మొహమాటానికి పొగుడుతారు. అందుకని ఊరిని పొల్లాచ్చిగా మార్చి, మొత్తం ఫోన్లోకి ఎక్కించి, చదివి వినిపించే గొంతు తగిలించాను. ఎవరో కొత్తగా రాశారట, మనలాంటివాళ్ళ కథేనట అని చెప్పి ముగ్గురికీ ఇచ్చాను. ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

ఆదివారం వచ్చింది. అన్న మొదలుపెట్టాడు. రైల్వే గేటు దాటకముందే ఆవలింతలొచ్చాయట, ఆ వీధిలో ఒక్క తగాదా కూడా లేదట, అలాంటి వీధి ఉంటే తనకు అద్దె ఇల్లు చూసిపెట్టమన్నాడు. పళ్ళు బిగబట్టి అత్త వైపు తిరిగాను.

ఆ పుస్తకంలో అమ్మ ప్రతి రాత్రీ పిల్లలకు పెట్టేసి, తాను చెంబుడు నీళ్ళు తాగి పడుకుంటుంది. రాసేటప్పుడు నాకు కళ్ళ నీళ్ళు వచ్చిన చోటు అది. అత్తకు ఒళ్ళు మండిన చోటూ అదే. దాన్ని త్యాగమంటారని ఓపిగ్గా విడమరిచి చెప్పాను.

“త్యాగమో ఏమో, తెల్లారితే పనికి పోవాల గదా,” అంది అత్త. “తినకుండా పొరక పట్టి ఊడ్చితే మూడో సందులోనే పడిపోతాది. మీ అమ్మను అడుగు. మేము ముందు తినేసి, ఆమీదనే మీకు పెట్టేది.”

నా మొహంలో రంగు మారే ఉంటుంది. అమ్మ ఈసారి వరస ఊసే ఎత్తలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఏ ప్రశ్న వింటే నాలుగేళ్ళుగా తల పట్టుకుంటున్నానో, చివరికి ఆ ప్రశ్న నేనే అడిగాను. ఆమె మనకేమవుతుందమ్మా అని.

“దానికి వరస కుదరలేదు,” అంది అమ్మ. “రెండు దినాలు చూస్తిని. అక్కా అనేదానికి లేదు, వదినా అనేదానికి లేదు. నోరే లేదు దానికి. పటానికి దండ వేసి పెడతారే, అట్ల ఉండాది.”

ఇక నా వల్ల కాలేదు. ఎవరెవరి పుస్తకాలకో ఇన్నేళ్ళు వంకలు పెట్టారు, పడ్డాను. మొగుడు రాలేదని ఒకటి కట్టేశారు, అన్నం తినలేదని ఒకటి పారేశారు. ఒక్క మనిషిని గౌరవంగా చూపిస్తే మీ కళ్ళకు ఆనదా అని అరిచాను. ఆ ఊపులో, నాలుగేళ్ళు చచ్చీచెడీ రాశాను నేను, అని నోరు జారాను.

అన్న చెవిలో పుల్ల తీశాడు. అత్త నోటిమీద చెయ్యి పెట్టుకుంది. అమ్మకైతే అది నేను రాసిందేనని రెండో రోజే తెలిసిందట. అరచేతులు పొక్కులెక్కకుండా చీపురు కర్రకు పాత జాకెట్ గుడ్డ చుట్టేది కోయంబత్తూరు మొత్తానికి తానొక్కతేనట, పుస్తకంలో ఆమె కూడా అలాగే చుడుతుందే, పొల్లాచ్చిలో అది ఎవరికి తెలుస్తుందంది. మరి ఎందుకు చెప్పలేదని నిలదీశాను. తన నోరు నేను ఎక్కడ పెట్టానో అని చివరిదాకా వెతుకుతూ ఉందట.

నేను నిజమే చెప్పాను. ఆంధ్రలో చదివేవాళ్ళు నిన్ను గయ్యాళి అనుకుంటారని భయపడ్డానమ్మా, అందుకే తిట్లు తీసేశాను అన్నాను. తీసేసినవి తక్కువేమీ కాదు. తొమ్మిదో తరగతిలో నేను బడికి పోనని మొండికేస్తే, అమ్మ పని చీరలోనే, భుజాన చీపురుతో, నా జడ పట్టుకుని నెల రోజులు బడి గేటు దాకా నడిపించింది. దారి పొడుగునా నన్ను, నా పుట్టుకను, బడిలో నన్ను ఏడిపించినవాళ్ళ పుట్టుకనూ కలిపి తిట్టింది. వీధి వీధంతా తలుపులు తీసుకుని చూసేది. ఆ నెలను నా పుస్తకంలో “అమ్మ నన్ను పట్టుబట్టి చదివించింది” అని ఒక్క వాక్యంలో ముగించాను.

అమ్మ నా గొంతు వచ్చిన వైపు తిరిగింది.

“బడి గేటు కాడ ఒక పాప నిన్ను అడిగె గదా, ఆయమ్మ ఎవురు అని. నువ్వు ఏమి చెప్పితివో అది రాసినావా?”

అప్పటికి అమ్మ మలుపు తిరిగిపోయిందనే ముప్పై ఏళ్ళకు పైగా అనుకుంటూ వచ్చాను. ఆ పిల్లకు నేను తమిళంలో చెప్పాను, ఎవరో తెలియదు, మా వీధి ఊడుస్తుంది అని. లేదమ్మా, అది రాయలేదు అన్నాను. మా అన్నా అత్తా ఉన్నారన్నది కూడా మరిచిపోయి ఏడ్చాను. ఆ రోజు ఇంటికి వచ్చాక కూడా నువ్వేమీ అనలేదు కదమ్మా అన్నాను.

“అనలేదు. ఆ ఒక దినం నోరు రాలేదు నాకు,” అంది అమ్మ. “నీ బుక్కులో నేను దినమూ అట్లనే ఉండాను.”

సోమవారం ఆ ప్రచురణకర్తకు ఫోన్ చేసి, పుస్తకం ఇంకా అవలేదని చెప్పాను.