సలీం కట్టిన మిషన్

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్మకం లేదు. అయినా ఇది నాకే జరిగింది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. సిద్దిపేటలో ఒక బట్టల దుకాణం పైన మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. దవాఖానలకు ప్రోగ్రాములు రాసేవాళ్లం. మా పనంతా వర్చువల్ మిషన్లలో, అంటే కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్లలో ఉండేది. వాటిని కట్టినవాడు సలీం. అంతకుముందు వానాకాలంలో కామెర్లతో చనిపోయాడు.

హైదరాబాద్‌లోని మా యజమాని ఉన్నట్టుండి ఆ మిషన్లను నడిపే సాఫ్ట్‌వేర్ మార్చేయమన్నాడు. సాయంత్రానికి పాతది ఆగిపోతుందట. బంద్ వల్ల జట్టులో నేనూ మహేందరూ మాత్రమే రాగలిగాం. మిగతా మిషన్లన్నీ కొత్తదాంట్లోకి వచ్చాయి, అసలైనది రాలేదు. పాత సాఫ్ట్‌వేర్ దాని పాస్‌వర్డ్‌ను తనలోనే దాచుకుని ఇన్నాళ్లూ మమ్మల్ని అడగలేదు. కొత్తది అడిగింది. అది సలీంకు తప్ప ఎవరికీ తెలియదు.

ఉదయమంతా తోచిందల్లా కొట్టి చూశాం. కరెంటు పోతుంది, జనరేటర్ వేస్తాం, మళ్లీ మొదటినుంచి. ఫోన్ ఎత్తితే యజమాని అరుపులు. కింద రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. ఆ పొగ కిటికీలోంచి వచ్చి కళ్లు మండుతున్నాయి. కీబోర్డును నేలకేసి కొట్టాలనిపించింది.

సలీం వాళ్లమ్మను అడిగితే అనుకున్నాను. కొడుకు పోయిన మనిషిని పాస్‌వర్డ్ అడగడం ఏమిటని ఊరుకున్నాను. మహేందర్‌కు కూడా ఆ మాట చెప్పలేదు.

మధ్యాహ్నం ఆమే ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"పొద్దుగాల నువ్వు అడిగినప్పుడు యాదికి రాలే బేటీ. ఇప్పుడొచ్చింది. మా మేకపిల్ల నూరీ పేరు, దాని ఎన్క ఇంటి నంబర్. కంప్యూటర్ తాళం గదేనని సలీం నవ్వుకుంట చెప్తుండె."

మహేందర్ ఆ నంబరెంతో అడిగి అదే కొట్టాడు. మిషన్ తెరుచుకుంది.

"నేను మీ ఇంటికి రాలేదు ఖాలా," అన్నాను.

"గిదే పచ్చ చున్నీ గద. దర్వాజ కాడనే నిలబడితివి. లోపలికి రమ్మంటే రాలే. నీళ్లిస్తే తాగి, గిలాస బోర్లించి పోతివి."

"అక్క పొద్దటి సంది గీ కుర్సీలకెల్లి లేవలే అమ్మా," అన్నాడు మహేందర్.

ఆమె నా చేయి పట్టుకుని, వేళ్లు ఒకసారి నొక్కి చూసి వదిలేసింది.

పని పూర్తయింది. యజమాని ఒక మంచి మాట కూడా అనలేదు.

పాస్‌వర్డ్ సంగతి సరే, కొడుకు చెప్పగా విన్నదే. నన్ను ఆమె అంతకుముందు చూసింది ఒక్కసారి, రంజాన్‌కు ఆఫీసుకు సేమ్యా తెచ్చినప్పుడు. ఎవరినో చూసి నేననుకుందని సరిపెట్టుకోబోయాను. కానీ మా తిప్పలు ఊళ్లో మా ఇద్దరికి తప్ప ఎవరికి తెలుసు? పైగా నీళ్లు తాగి గ్లాసు బోర్లించడం నా చిన్నప్పటి అలవాటు. వాళ్ల గల్లీ ఎటువైపో కూడా నాకప్పటికి తెలియదు.

ఆ గుమ్మంలో నిలబడి నీళ్లు తాగింది ఎవరో ఇప్పటికీ చెప్పలేను.