ఛాంగ్‌ఫా బాబాయ్‌కి దక్కిన తెగులు

మా ఛాంగ్‌ఫా బాబాయ్‌కి భయపడటం తప్ప వేరే వ్యసనం లేదు. చైనాకి దక్షిణాన ఉన్న హైనాన్ దీవిలో, మా ఊరి మగవాళ్లు పొద్దున్నే టీ కొట్టు చేరి, ఒక్క కూజా నల్ల టీతో మధ్యాహ్నం దాకా గడిపేస్తారు. బాబాయ్ కూడా వచ్చేవాడు. కాకపోతే దోవలో కనిపించిన ప్రతి బొప్పాయి తోటలోనూ దూరి, ఆకులు తిరగేసి భూతద్దంతో చూసి, ముఖం వేలాడేసుకుని మరీ వచ్చేవాడు.

"ఇవాళ ఎవరి తోట పోయింది?" అని అడిగేవాడు కొట్టు యజమాని పాన్.

"నాదే. మూడో వరసలో ఐదో చెట్టు. ఆకు కొస వంగింది."

"నిన్న నాలుగోది అన్నావు."

"అది ఎండకి వాడిందిలే."

ఆ లెక్కన ఆయన తోట ఏడాదికి మూడు వందల సార్లు చచ్చిపోయేది. ఒకసారి పిట్ట రెట్ట చూసి తెగులన్నాడు. ఇంకోసారి ఏకంగా పంటల ఆఫీసు నుంచి మనిషిని పిలిపించాడు. తీరా చూస్తే అవి పక్కింటి గోడ నుంచి చిందిన సున్నం చుక్కలు. చెట్టు చెట్టుకీ కత్తిని సబ్బు నీళ్లలో కడిగేవాడు. పెళ్లిరోజు చెయ్యి పట్టుకునే ముందు తనదీ కడుక్కుని నాదీ కడిగించాడని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

మాకు ధైర్యం ఎక్కువవడానికి కారణం ఉంది. వెనకటికి ఉంగరపు మచ్చల తెగులు ఊరి బొప్పాయిని ఊడ్చిపెట్టింది. తర్వాత శాస్త్రవేత్తలు జన్యువు మార్చిన మొక్క వచ్చింది. ఆ తెగులు దాని జోలికి రాలేదు.

"టీకా వేసుకున్న చెట్టు బాబాయ్, ఇంకా ఏం భయం?" అన్నాను ఒకసారి.

"టీకా ఒక్క రోగానికే కదే యూలియాన్. రెండో రోగం వచ్చి, నీ టీకా చీటీ చూపించమని అడుగుతుందా?"

అందరం నవ్వాం. ఆకును దారంలా మెలిపెట్టే కొత్త వైరస్ ఒకటుందనీ, వేరే చోట్ల ఈ టీకా చెట్లనే పట్టిందనీ ఆయన గొంతు తగ్గించి చెప్పినప్పుడు మాత్రం నాకూ భయం వేసేది. అందుకే ఆ మాట రాగానే లేచిపోయేదాన్ని.

ఆ ఏడు మా ఆయన చేపల ఓడ మీద ఉన్నాడు. ఎకరం తోట, ఆరు వందల చెట్లు, మొదటిసారి నా ఒక్కదాని చేతుల మీద పెరిగాయి. ఇంకో రెండు వారాల్లో కాయ కోత. సరిగ్గా ఊరి దేవుడి విందు రోజు పొద్దున, బాబాయ్ తోటకీ నా తోటకీ మధ్యనున్న గట్టు పక్క చెట్టు చూశాను. లేతాకులు కోడి గోళ్లలా సన్నబడి మెలి తిరిగి ఉన్నాయి.

ఆ రోజు గుమ్మంలోకి ఎవరొచ్చినా అన్నం పెట్టాలి. తెగులని తెలిస్తే నా ఇంట ఎవరు ముద్ద ముడతారు? వెనకటి తెగులు మొదట కనబడిన ఇంటిని ఊళ్లో ఇప్పటికీ వేలెత్తి చూపిస్తారు. ఆ భయంతో వంకర ఆకులన్నీ గబగబా కోసి పొయ్యిలో పెట్టేశాను. పక్క చెట్ల మీద అనుమానం వచ్చి వాటివీ కోశాను. కత్తి కడగలేదన్న సంగతి కోడి ఉడుకుతుండగా గుర్తొచ్చింది. నా చేతులతో నేనే రోగం పంచిపెట్టాను.

బాబాయ్ నాలుగో బంతికి వచ్చాడు. కూర్చోకుండా, చాప్‌స్టిక్‌ల మధ్య కోడి ముక్కతో తిన్నగా పెరటి వెనక నా తోటలోకి నడిచాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తిరిగొచ్చాడు. ముక్క ఇంకా తినలేదు.

"ఏం, పోయిందా?" అన్నాడు పాన్.

బాబాయ్ నా వైపు చూశాడు. "పోయింది. నాదే. ఈ గట్టుకి అవతలి వరస. ఈసారి నిజం."

అందరూ నవ్వి, ఇంకాస్త అన్నం వడ్డించుకున్నారు. ఆయన నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"ఒకే కత్తితో ఎన్ని చెట్ల ఆకులు కోశావు?"

"తొమ్మిది."

"తొమ్మిదీ తీసెయ్యాలి. ముందు బంతులు అవనీ."

సాయంత్రం నా తొమ్మిది చెట్లూ నరికి పాతిపెట్టాడు. తర్వాత గట్టు దాటి, పండబోయే కాయలతో ఉన్న తన మొదటి వరసలోని ఎనిమిది చెట్లూ నరికాడు.

"అవి బాగానే ఉన్నాయి కదా బాబాయ్."

"నీ చెట్లు మాత్రమే కొడితే ఊరి వేళ్లన్నీ నీ గుమ్మం వైపే తిరుగుతాయి. వెనకటి తెగులప్పుడు మా అన్న సిగ్గుపడి తన తోట సంగతి నెల్లాళ్లు దాచాడు. ఆ నెల్లోనే ఊరంతా పోయింది. అందుకే రోజూ నా తోట పోయిందని చెప్పుకుంటాను. వినీ వినీ ఆ మాటకి సిగ్గు పోతే, నిజంగా తెగులు వచ్చినవాళ్లు దాచరని."

నాకు ఏడుపొచ్చింది. ఆయన కత్తి కడిగి, నా చేతులు కూడా కడిగించాడు.

బాబాయ్ పంటల ఆఫీసుకి పంపిన ఆకు పరీక్షలో కొత్త వైరస్సేనని తేలింది. ఊరంతా ఆకులు వెతికితే పాన్ తోటలో ఇంకో రెండు చెట్లు దొరికాయి. అతను కిక్కురుమనకుండా తీసేశాడు. మిగతావి నిలిచాయి, ఈ పొద్దుటి వరకు. రేపటి సంగతి నాకు తెలియదు, రోజూ భయంతోనే తోటలోకి వెళ్తున్నాను.

తెగుల్ని ముందే పట్టాడని టీ కొట్టులో బాబాయ్‌ని పెళ్లికొడుకులా మధ్యలో కూర్చోబెట్టారు. పాన్ స్వయంగా టీ పోస్తున్నాడు. నాకు మనసొప్పలేదు. వెళ్లి, తెగులు ముందు నా తోటకే వచ్చిందనీ, బాబాయ్ నన్ను కాపాడటానికి తన మీద వేసుకున్నాడనీ అందరి ముందూ చెప్పేశాను.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్క బాబాయ్‌కే కోపం వచ్చింది.

"ఇన్నేళ్లు ఎదురుచూస్తే నాకు ఒక్క నిజమైన తెగులు దక్కింది," అన్నాడు కప్పు కింద పెట్టి. "అదీ లాక్కుంటావుటే?"