ప్రకటనలు లేని నూట పన్నెండు టేపులు

మనిషి నిప్పును కనిపెట్టిన రోజు గురించి పుస్తకాలున్నాయి. చక్రం గురించీ ఉన్నాయి. ఒక కటింగ్ మాస్టారి కుడిచేతి బొటనవేలు వీడియో రికార్డరును మొదటిసారి మధ్యలో ఆపిన ఆదివారం గురించి మాత్రం ఇంతవరకూ ఎవరూ ఒక్క వాక్యమైనా రాయలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

ఆనాడు టీవీలో సినిమా వస్తోంది. కథానాయకుడు బోనులో నిలబడి నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఒక బిస్కట్ల పొట్లం నాట్యం చేస్తూ తెర మీదికి వచ్చింది. మాస్టారు మీట నొక్కారు. పొట్లం నాట్యం చేస్తూనే ఉంది గానీ టేపులోకి రాలేకపోయింది. అది నిష్క్రమించాక మళ్ళీ నొక్కారు. కథానాయకుడు నిజం చెప్పాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళపాటు ఆ ఇంటి టేపుల్లోకి ఏ తినుబండారమూ కాలు పెట్టలేదు.

మాస్టారు బడి పిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో గుడ్డ కత్తిరించేవారు. పొడవాటి బల్ల మీద నలభై పొరలు పరిచి, సుద్దముక్కతో గీత గీసి, కత్తెర పెడితే నలభయ్యో పొర కూడా మొదటి పొరంత బుద్ధిగా తెగేది. ఎవరి చొక్కాకైనా దారం వేలాడుతుంటే ఆయనకు మాట మీద ధ్యాస ఉండేది కాదు. అలాంటి మనిషికి సినిమా మధ్యలో సూపులూ బిస్కట్లూ వేలాడటం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

టీవీకి చెక్క తలుపులుండేవి. చూడటం అయిపోగానే మూసి, మీద గుడ్డ కప్పేవారు. రికార్డరుకు వైరుతో కూడిన రిమోటు. ఆ వైరు గదికి అడ్డంగా మాస్టారి కుర్చీ దాకా సాగేది. దాన్ని దాటడానికి ఇంటిల్లిపాదీ మోకాళ్ళెత్తి నడవడం నేర్చుకున్నారు. చుట్టాలు తట్టుకుని పడేవారు.

"ఎవరైనా పడితే ముందు వైరు చూస్తారు, తర్వాత మనిషిని చూస్తారు," అనేది ఆయన భార్య.

"మనిషికి కట్టు కడితే సరిపోతుంది. వైరు తెగితే?" అనేవారు మాస్టారు, పూర్తి గాంభీర్యంతో.

ఆమె సూపు పొడి ఫ్యాక్టరీలో పొట్లాలు అతికించే విభాగంలో పనిచేసేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా ఉల్లిపొడి ఉండేది. ఆమెకు సినిమాల కన్నా ప్రకటనలంటే ఇష్టం.

"సినిమాలో ఎప్పుడూ ఏడుపే కదండీ. ప్రకటనల్లో చూడండి. అందరికీ ఆకలేస్తుంది, అందరికీ దొరుకుతుంది."

ఒకరోజు ఆ ఫ్యాక్టరీకే కెమెరా వచ్చింది. పొట్లాలు అతికించేవాళ్ళలో ఎవరైనా ఒకరు చెంచాడు సూపు రుచి చూసి నవ్వాలి. వరసలో చివర కూర్చున్నందుకు ఆమెను పిలిచారు. సూపు చల్లారిపోయింది. ఆవిరి కనిపించాలి కాబట్టి బల్ల కింద ఒకతను నక్కి కూర్చుని సిగరెట్టు పొగ ఊదాడు. పది సార్లు ఆమె నవ్వు బాగోలేదన్నారు. పదకొండోసారి బల్ల కింది మనిషికి పొలమారింది.

"రుచికి నవ్వాననుకుంటున్నారా? ఆ మహానుభావుడి దగ్గుకి!" అని ఇంటికొచ్చి చెప్పింది. "సూపైతే గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంది."

మూడు సెకన్ల ఆ నవ్వు పద్నాలుగు వారాలపాటు ప్రతి ఆదివారం సినిమా మధ్యలో వచ్చింది. వీధిలో ఆమె పేరు పోయి 'సూపు వదిన' మిగిలింది. కూరగాయలమ్మాయి కూడా "వదినా, ఓసారి నవ్వి పుచ్చుకో" అనేది. ఇంట్లో మాత్రం, ప్రకటన మొదలవగానే మాస్టారి బొటనవేలు తన ధర్మం తాను నెరవేర్చేది.

"ఏమండీ, ఈ ఒక్కటీ వదిలెయ్యకూడదూ? ఉంటుందిగా టేపులో," అని ఆమె ఒకసారి అడిగింది.

"వారం వారం వచ్చేదే కదా. ఎక్కడికి పోతుంది?"

ఆమె మళ్ళీ అడగలేదు. పదిహేనో వారం ఫ్యాక్టరీ చేతులు మారింది. ప్రకటన పోయింది. చాలా ఏళ్ళ తర్వాత, రెండేళ్ళ కిందట, ఊపిరితిత్తుల జబ్బుతో ఆమే పోయింది.

ఇంట్లో ఆమెవి పదకొండు ఫొటోలున్నాయి. ఫొటో తీసేవాళ్ళు కదలొద్దంటారు కదా, అన్నింట్లోనూ ఆమె మాట విన్నట్టే ఉంది. మొన్నటి చలికాలం నుంచి మాస్టారిని ఒక సందేహం పట్టుకుంది. ఆమె నవ్వు ముందుగా మొదలయ్యేది కళ్ళ దగ్గరా, పెదవుల దగ్గరా? ముప్ఫై నాలుగేళ్ళు ఎదురుగా కూర్చుని తిన్న మనిషికి అది గుర్తు రావడం లేదు. కూతుర్ని అడిగారు.

"పెదవులేమో నాన్నా... ఏమో. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేది కదా."

ప్రకటనలో చెయ్యి అడ్డం లేదు. చేతిలో చెంచా ఉంది.

మాస్టారు ఫ్యాక్టరీకి వెళ్ళారు. అక్కడిప్పుడు టైర్లు పేరుస్తున్నారు. టీవీ కేంద్రానికి వెళ్ళారు. రికార్డుల గదిలో గుమాస్తా మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు.

"అప్పట్లో టేపులు దొరక్క, ఉన్నవాటినే తుడిచి మళ్ళీ వాడేవాళ్ళం పెద్దాయనా. ప్రకటనలెవరు దాస్తారు చెప్పండి? ఎవరింట్లోనో సినిమా రికార్డు చేసుకుని ఉంటే, దాని మధ్యలో దొరకొచ్చు. మీ ఇంట్లో అలాంటివేమీ లేవా?"

"ఉన్నాయి," అన్నారు మాస్టారు. "నూట పన్నెండు."

"మరింకేం!" అని గుమాస్తా సంతోషించాడు. మాస్టారు లేచి నమస్కారం పెట్టి వచ్చేశారు.

అటక మీది రికార్డరును పాత మెకానిక్కు దగ్గరికి మోసుకెళ్ళారు. అతను మూత తీసి లోపలి దుమ్ము ఊదాడు.

"మాస్టారూ, దీన్ని నడిపించమనడం మా తాతని లేపి పరిగెత్తించమన్నట్టుంది."

"నడిస్తే చాలు. పరుగెందుకు?"

రబ్బరు బెల్టులు ఎక్కణ్ణుంచో తెచ్చి వేశాడు. యంత్రం మూలుగుతూ లేచింది. టేపుల మీద అంకె, సినిమా పేరు తప్ప తేదీ లేదు. అందుకని మాస్టారు ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టారు. సినిమా కోసం కాదు, సినిమా ఆగిన చోట్ల కోసం. బొమ్మ ఒక్కసారి వణికి, కథ ముందుకు దూకుతుంది. అక్కడ టేపును వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూస్తారు. ఒకప్పుడు ఆ కత్తిరింపులు చూడటానికే పక్కింటివాళ్ళు టేపులు అడిగి తీసుకెళ్ళేవారు. ఇప్పుడు మాస్టారు తన పనిలో తప్పు కోసం వెతుకుతున్నారు. జీవితంలో మొదటిసారి.

యాభై ఆరో టేపులో ఒక తప్పు దొరికింది. ఆ రోజు తుమ్ము వచ్చిందో ఏమో, వేలు అరసెకను ఆలస్యమైంది. చెంచా, చెంచాను పట్టుకున్న వేళ్ళు పైకి లేచాయి. ముఖం దాకా రాకముందే కోర్టు సీను వచ్చేసింది. మాస్టారు ఆ చెంచాను ఆ మధ్యాహ్నమంతా పైకి లేపారు.

అరవయ్యో టేపు అయ్యాక కూతురు సెలవురోజున వచ్చింది. నేల మీద పరిచిన టేపుల్లోంచి ఒకటి తీసి చూసి ఆగిపోయింది.

"నాన్నా, ఈ అరవై ఒకటి మీద అక్షరాలు మీవి కావు. అమ్మవి."

మాస్టారికి గుర్తొచ్చింది. అవి బళ్ళు తెరిచే రోజులు. కార్ఖానాలో యూనిఫారాల తొందర. ఆదివారం కూడా మాస్టారు పనిలోనే ఉన్నారు. సినిమా రికార్డు చెయ్యమని భార్యకు చెప్పి, ఏ మీట ఎప్పుడు నొక్కాలో రెండుసార్లు చూపించి వెళ్ళారు.

"సూపు ప్రకటన వచ్చిన ఏడాదే," అంది కూతురు. "నాకు బాగా గుర్తు. నన్ను రెండో తరగతిలో వేశారు."

మాస్టారు ఆ టేపును కూతురి చేతిలోంచి తీసుకున్నారు. ఆ ఆదివారం రికార్డరు దగ్గర భార్య ఒక్కతే ఉంది. ప్రకటనలంటే ప్రాణం. రిమోటు ఆమె చేతిలో ఉంది. ఆపేవాడు ఇంట్లో లేడు.

"వదిలేసి ఉంటుంది," అన్నారు. "తప్పకుండా వదిలేసి ఉంటుంది. ఒకసారి నన్నడిగింది కూడా."

కిటికీ తెర దించారు. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. సినిమాలో ఒక తల్లి రైలు అందక ఏడుస్తోంది. మొదటి విరామం దగ్గర మాస్టారు ముందుకు వంగారు. బొమ్మ వణకలేదు. తల్లి ఒక స్టేషన్లో కన్నీరు తుడుచుకుని, మరో స్టేషన్లో దిగింది.

"ఇక్కడ ప్రకటనలే రాలేదేమో నాన్నా."

"వచ్చాయి. కత్తిరించింది."

రెండో విరామమూ అంతే. మూడోదీ. నాలుగోదానికి మాస్టారు వెనక్కి తిప్పి చూశారు. అతుకు ఎక్కడుందో కనిపించలేదు. ఆయన కత్తిరింపుల్లో ఎక్కడో ఒకచోట ఒక పోగైనా మిగిలేది. ఆమె దాంట్లో అదీ లేదు.

"ఒక్కటీ వదల్లేదే అమ్మ," అంది కూతురు.

"నేనేగా నేర్పింది," అన్నారు మాస్టారు.

సినిమా అయిపోయింది. తెర మీద బూడిదరంగు చుక్కలు గోల చేస్తున్నా ఇద్దరూ లేవలేదు. చివరికి కూతురు టేపు తీసి పెట్టెలో పెడుతూ పెట్టె మీద రాసి ఉన్నది చదివింది. ఆ సినిమా రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు. టేపు మూడు గంటలది. మూడు సెకన్ల నవ్వు పట్టడానికి ఇంకా నలభై రెండు నిమిషాల ఖాళీ ఉంది.