ఈ రోజు పనికి రానిది

తిరుపతిలో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయన మా బృందానికి పెద్ద. ఎవరు రాసిన కోడైనా చేతులు వెనక్కి కట్టుకుని చూసి, ఒకే మాట అనేవాడు: "ఈ రోజు పనికి రానిది తీసేయప్పా. కావాల్సొచ్చినపుడు రాసుకుందాం."

అప్పుడు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ బస్సులు నడిపే ప్రోగ్రాం రాస్తున్నాం. ముందు ముందు షిఫ్టులు మారితే ఉంటుందని పది రోజులు కూర్చుని అదనంగా ఒక భాగం రాశాను. అందరి ముందూ, "ఇల్లు కట్టకముందే మనవడికి గది యేసినావే!" అన్నాడు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. పంతం కొద్దీ దాన్ని తీయకుండా దాచాను.

ఒక సోమవారం ఆ భాగమే, షిఫ్టు మారిందనుకుని సూళ్లూరుపేట బస్సును రద్దు చేసింది. పనికెళ్లాల్సిన నలభైమంది ఆడవాళ్లు రోడ్డు మీదే నిలబడిపోయారు. ఫ్యాక్టరీవాళ్లు నిలదీస్తే, "నేనే సరిగా సూడలేదు సార్" అన్నాడాయన. పక్కనే ఉండి నేను నోరు విప్పలేదు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

వెళ్తూ నా కుర్చీ దగ్గర ఆగి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు: "ఇపుడన్నా తీసేయప్పా."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాళ్లను గుర్తుపెట్టుకోవడం నాకు చాతనవును. ఆయన్ని ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలియదు.