లప్పం కత్తి

కిటికీ చట్రంలో అద్దం చుట్టూ ఎండిపోయిన లప్పాన్ని గీకి తీయడానికి ఒక కత్తి ఉంటుంది. చాలామందికి ఆ సంగతి తెలియదు. తెలియకపోతే తప్పు కాదు. తెలిసినట్టు మాట్లాడతారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. "దానికి కత్తి ఎందుకక్కా, ఉలి పెట్టి నాలుగు దెబ్బలేస్తే పోతాది" అని సలహా చెప్పినవాళ్ళు మా వీధిలో ఇంటికొకరు ఉన్నారు. ఉలి పెట్టి కొడితే ముందు పోయేది లప్పం కాదు, చట్రం.

మాది ఎమ్మిగనూరు. మా ముందు గదిలో గుంట మగ్గం ఉంది. మా ఆయన నేస్తాడు, నేను కండెలు చుడతాను. అంటే పడుగు మధ్య అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టే చిన్న పుల్లలకు నూలు చుట్టి బుట్టల్లో పెట్టడం నా పని. మగ్గం పక్కనే, ఉత్తరం వైపు, వేపకొయ్య కిటికీ ఉండేది. నాలుగు అద్దాలు. ఉత్తరం వైపు ఎండ నేరుగా పడదు కాబట్టి ఆ వెలుతురులో రంగు ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. ఆ కిటికీ చూసే మా మామ మగ్గాన్ని అక్కడ దించాడు.

వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఎత్తేస్తున్నారు. గుంటలు పూడ్చి, పైన బండలు పరిచి, వాటి మీద సోఫాలు వేసుకున్నారు. మాకు నూలు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు కూడా ముఖం మీదే చెప్పాడు, రంగు తప్పిన చీర ఒక్కటి వచ్చినా ఇక మాకు నూలు ఇవ్వనని. మా ఆయనకు మగ్గం తప్ప ఇంకో పని రాదు. రావాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు కూడా.

అప్పుడు మగ్గం మీద ఉన్న చీర ఒళ్ళంతా వంగపండు రంగు, కొంగు నేరేడు రంగు. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, విడివిడిగా చూస్తే తికమక పడతారు. అట్లాంటి చీర సగంలో ఉండగా, వాన ముందర గాలి లేచి కిటికీ రెక్క దబ్బున కొట్టుకుంది. ఒక అద్దం పగిలింది. మా ఆయన ఆ కంతకు అట్టముక్క అడ్డం పెట్టి మళ్ళీ మగ్గంలోకి దిగాడు. అద్దం ఎప్పుడు వేయిస్తావంటే "సూద్దాంలే" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

మా ఆయన అన్నకు ఆదోనిలో అల్యూమినియం కిటికీలు చేసే అంగడి ఉంది. నాకు బావ. ఏదో పని మీద ఎమ్మిగనూరు వచ్చి, మా ఇంట్లో టీ తాగుతూ ఆ అట్టముక్క చూశాడు.

"ఇంగా ఈ కొయ్య కిటికీ ఏందమ్మా? పీకి పారేసి అల్యూమినియం పెట్టిస్తా. అటు నూకితే అటు, ఇటు నూకితే ఇటు. లప్పం గిప్పం ఏమీ ఉండదు."

"పగిలింది ఒక అద్దం బావా. ఒక పన్ను ఊడితే దవడ అంతా పీకించుకుంటావా?"

ఆయన నవ్వి మా ఆయన వైపు చూశాడు. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకుంటూ వీధి చివరిదాకా పోయారు. ఆ గదిలో పొద్దంతా కూర్చునేది నేనూ మా ఆయనా. ఆ కిటికీకి ఏం కావాలో నన్ను అడగాలని ఒక్కరికీ తోచలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడే బస్సెక్కి ఆదోని పోయాను. అద్దాల అంగడి అతను అద్దం కోసిచ్చాడు కానీ, పాత లప్పం తీయడానికి ఏం వాడతారని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు. "లప్పమా? ఆ పని సేసేటోళ్ళు ఇప్పుడు యాడుండారమ్మా? అల్యూమినియం పెట్టిచ్చుకో." ఊరు ఊరంతా మా బావ చేత మాట్లాడిస్తున్నట్టే అనిపించింది. చివరికి ఒక ముసలి వడ్రంగి దారి చెప్పాడు. ఆయన చెప్పిన కొలిమి దగ్గరకు పోయి, లారీ కమాన్ పట్టీ ముక్కతో కత్తి కొట్టించుకున్నాను. జానెడు కూడా ఉండదు. ఒక అంచు పదును. మరీ పదునైతే కొయ్యలోకి దిగిపోతుందని కొలిమతను ఆ అంచును రాతి మీద కాస్త మొద్దు చేసి ఇచ్చాడు. రెండో అంచు మందం, సుత్తితో తట్టడానికి. పిడికి బదులు తోలు చుట్టాడు. దాన్ని పమిట కొంగులో చుట్టుకుని, అద్దాన్ని ఒళ్ళో పెట్టుకుని, బస్సులో గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరును తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను.

పాత లప్పమంటే సుద్దపొడి, అవిసె నూనె కలిపి పిసికిన ముద్ద. పెట్టిన కొత్తలో చపాతీ పిండిలా ఉంటుంది. ఏళ్ళు గడిస్తే రాయవుతుంది. కత్తి పదునును లప్పానికీ కొయ్యకూ మధ్య పెట్టి, వెనక అంచు మీద సుత్తితో మెల్లగా తట్టాలి. తొందరపడితే కొయ్య చీలుతుంది. తట్టగా తట్టగా వేలెడు ముక్క ఊడి వస్తుంది. దాని మీద పచ్చ రంగు, దాని కింద నీలం, ఇంకా కింద నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి సిమెంటు రంగు. ముక్క ఊడిన ప్రతిసారీ ఎవరో ఒకరి నోరు మూయించినంత హాయిగా ఉండేది. ముందు అద్దాల అంగడి అతను, తర్వాత మా బావ.

"ఆ టకటక ఆపుతావా?" అన్నాడు మా ఆయన మగ్గంలోంచి.

"ఆపితే అద్దం ఎట్ల పడుతుంది?"

"అన్న ఏసిస్తానంటాండాడు కదా. ఎందుకు నీకీ యాతన?"

"నీకు మీ అన్న మాటే వేదం. నేను చెప్తే గాలికి పోతాది."

ఆయన నాడె విసిరాడు. అట్టముక్క తీసేసి ఉన్నందుకు ఆ పూట గదిలో వెలుతురు బాగా పడుతోంది. ఆయన మాటిమాటికీ కండ్లు నలుపుకోవడం చూసి, లప్పం దుమ్ము పడిందేమో, పడితే పడనీ అనుకున్నాను. అంత కోపంలో ఉన్నాను.

రెండు వైపులు గీకడం అయింది. ఇంకో రెండు మిగిలాయి. అంతలో గోనెగండ్ల నుంచి ఫోను వచ్చింది. మా చిన్నమ్మ పోయింది. ఆమె కూలికి పోయిన చేనులోనే కూలబడిందట. నేను పోయి, ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు మధ్యాహ్నం తిరిగి వచ్చాను.

వీధి మలుపులోనే నా కిటికీ కనబడింది. మా గోడకు ఆనించి ఉంది. చట్రం ఒక మూల విరిగిపోయింది. మిగిలిన మూడు అద్దాలూ పగిలి మురుగుకాలవలో పడున్నాయి. నేను రెండు వైపులా ఒక్క గీత పడకుండా గీకిన కొయ్యను గడ్డపారతో పెకలించారు.

లోపల కొత్త కిటికీ బిగించేశారు. అల్యూమినియం చట్రం, అటూ ఇటూ జరిగే అద్దాలు. అవి కూడా నల్లద్దాలు. మగ్గం గది మిట్టమధ్యాహ్నం సాయంత్రంలా ఉంది. చీర ఏ రంగో, పడుగు ఏ రంగో నాకే తెలియడం లేదు. మా బావ మంచం మీద కూర్చుని మా ఇంటి గ్లాసులో మా ఇంటి టీ తాగుతున్నాడు.

నేను కాళ్ళు కూడా కడుక్కోలేదు. చావింటి నుంచి వచ్చిన మనిషినని కూడా మర్చిపోయి గొంతు చించుకున్నాను. "ఎవర్నడిగి పీకినావు? ఈ గదిలో పొద్దంతా కూసునేది నువ్వా నేనా? నేత నేసే ఇంటికి నల్లద్దం పెట్టేటోణ్ని నిన్నే సూసినా." పక్కింటివాళ్ళు గడప దగ్గరకు వచ్చి నిలబడ్డారు. మా బావ గ్లాసు కింద పెట్టి, "డబ్బులు తీసుకోల్యామ్మా, ఊరికే ఏసిచ్చినా" అన్నాడు. ఊరికే ఇస్తే నోరు మూసుకోవాలని ఆయన లెక్క. మా ఆయన మగ్గంలో తల వంచుకుని కూర్చున్నాడు. నా వైపూ చూడలేదు, వాళ్ళన్న వైపూ చూడలేదు. ఆ మౌనానికి నాకు ఇంకా మండింది.

తర్వాత ఆ నల్ల వెలుతురులోనే నేత సాగింది. నేను మాట్లాడడం మానేశాను. అన్నం పెట్టడం, కండెలు చుట్టి బుట్టల్లో వేయడం, అంతే. మర్నాడు పొద్దున, నేసినంత వరకు ఎట్లా వచ్చిందో చూద్దామని చుట్టిన గుడ్డను కొంచెం విప్పి, తలుపు దగ్గరి వెలుతురుకు తిప్పి చూశాను. వంగపండు ఒంట్లో బెత్తెడు మేర నేరేడు పట్టీ పడింది. కొంగుకు పోవలసిన నూలు ఒంట్లోకి పోయింది. షావుకారు చూస్తే మా మగ్గం పని అంతటితో సరి.

ఫోను చేసి మా బావను కడిగేశాను. "నీ నల్లద్దం చీరను ముంచింది. వచ్చి తీసుకపో. రాకపోతే నేనే పీకి పారేస్తా."

"నల్లద్దం నా ఎంపిక కాదమ్మా. నేను తెల్లద్దమే కొలిసినా. వాడే అడిగినాడు నల్లది కావాలని. నీకు సెప్పొద్దన్నాడు" అన్నాడు.

తప్పు చేసి తమ్ముడి మీదకు తోస్తున్నాడనుకున్నాను. ఫోను పెట్టేసి లప్పం కత్తి తీసుకున్నాను. కొత్త అద్దానికి లప్పం ఉండదు, చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది. కత్తి మొన దాని కింద దూర్చి లాగితే పాము కుబుసంలా ఊడి వచ్చింది. ఆదోనిలో ఇంత గొప్ప కిటికీలు చేస్తారన్నమాట. అద్దాన్ని రెండు చేతులా పట్టి బయటికి లాగి గోడకు ఆనించాను. గది నిండా తెల్లటి వెలుతురు పడింది.

మా ఆయన చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకున్నాడు. "ముయ్యే. పొడుస్తాండాది."

"పొడవనీ. ఇప్పుడు నెయ్యి. ఈ వెలుతురులో రంగు ఎట్ల తప్పుతుందో నేనూ సూస్తా."

నాడెలో కండె అయిపోయింది. ఆయన చెయ్యి కుడివైపుకు చాచాడు. బుట్టలోంచి కండె తీసి నాడెలో పెట్టుకున్నాడు. అది నేరేడు కండె. పట్టపగలు, అద్దం కూడా లేని కిటికీ పక్కన, ఆ కండెను వేళ్ళతో తడిమి సర్దుకుని, నేరుగా పడుగులోకి విసరబోయాడు.

అరవడానికి నోరు తెరిచి, బుట్టలను చూశాను.

మా ఇంట్లో కండెలకు రెండు ఈతబుట్టలు, రెండూ ఒకే రకం. ఒంటికి వాడేది ఆయన కుడిచేతి వైపు, కొంగుకు వాడేది ఎడమచేతి వైపు. పెళ్ళైన నాటి నుంచీ అంతే. ఇప్పుడు కుడివైపు నేరేడు ఉంది, ఎడమవైపు వంగపండు. కిటికీ బిగించినవాళ్ళు పని కోసం బుట్టలు పక్కకు పెట్టి, తర్వాత తారుమారుగా తెచ్చి పెట్టారు. ఆ మసక గదిలో కోపంతో వచ్చి, పాత కండెలున్న బుట్టలో అదే రంగు కండెలు పడేసి పోతున్న నాకు కూడా అవి ఏ పక్కన ఉన్నాయో పట్టలేదు. ఆయన మాత్రం రంగు చూసి తీయడం లేదు. పక్క చూసి తీస్తున్నాడు.

రెండు బుట్టల్లోంచి ఒక్కొక్క కండె తీసి ఆయన ముందు పెట్టాను. "ఏది వంగపండు?"

ఆయన ఒకదాన్ని తీసుకుని వెలుతురుకు ఎత్తి, కండ్లు చికిలించి, మళ్ళీ కింద పెట్టాడు. రెండోది తీసుకోలేదు.

"ఎప్పటి నుంచి?"

"పోయిన ఎండాకాలం నుంచి. పొగ అడ్డమొచ్చినట్టు ఉంటాది. వెలుతురు ఎక్కువైతే సూదులు పొడిసినట్టు ఉంటాది."

"నాకెందుకు సెప్పలే?"

"సెప్తే మగ్గం దిగమంటావు. ఆస్పత్రికి తీసుకపోతావు. నాయన కంటి ఆపరేషన్ అయినాంక మళ్ళ మగ్గంలో కూసున్నాడా?"

మా మామ కూర్చోలేదు, నిజమే. కానీ అది ఎప్పటి మాట? ఇప్పుడు ఊళ్ళో సగంమంది ముసలివాళ్ళు కంటి పొరలు తీయించుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. అదే చెప్పాను. అరిచి చెప్పాను. ఏడాదిగా నాకు చేతికందే దూరంలో కూర్చుని ఒక్క మాట అనని మనిషిని ఏం చేయాలో నాకు తెలియలేదు. నల్లద్దం కావాలని అన్నకైనా చెప్పాడు. నాకు ఏదీ చెప్పలేదు. కిటికీ పోయినప్పుడు కూడా నాకు అంత కోపం రాలేదు. భయం కూడా అంతే వేసింది. కోపమైతే అరవచ్చు కాబట్టి అదే పట్టుకున్నాను.

"దిగు" అన్నాను. "రేపే ఆదోని పోతాండాము."

"ఈ చీర అయినాంక" అన్నాడు. "ఇదొగటి దించనీ. ఇది పాడైతే మళ్ళ నాకు నూలు ఇయ్యరు. ఆ డాక్టరు ఏమంటాడో ఏమో."

నేను నల్లద్దం తీసి మళ్ళీ కిటికీలో నిలబెట్టాను. రబ్బరు పట్టీని కత్తితోనే నొక్కి దూర్చాను. తప్పుపడిన నేరేడు పోగులను ఒక్కొక్కటే కత్తిరించి లాగేశాను. బుట్టలు రెండూ నా ఒళ్ళోకి తెచ్చుకుని, మగ్గం గుంట అంచున కూర్చున్నాను. ఆయన నేయడం మొదలుపెట్టాడు.

ఆ పొద్దంతా తిడుతూనే ఉన్నాను. ఆయన్ని, వాళ్ళన్నను, ఆదోనిని, నన్ను. నాడె ఖాళీ అయినప్పుడల్లా ఆయన నా వైపు చెయ్యి చాచాడు. నేను వంగపండు కండెను తలుపు వెలుతురుకు తిప్పి చూసి ఆ చేతిలో పెట్టాను. ఒక్కసారి కూడా ఆయన దాని వైపు చూడలేదు.