తోమి పంపిన జున్ను గిన్నె

మొన్న మా అబ్బాయి వకీలు చేత రాయించిన నోటీసు తెచ్చి, మేడమీది వాళ్లు మూడు నెలలుగా కిరాయి ఇవ్వడం లేదు, సంతకం పెట్టమ్మా అన్నాడు. టైపు కొట్టిన కాగితం, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. దాన్ని చేతిలోకి తీసుకోగానే, మొదటిసారి నేను ఒకరిని ఇల్లు ఖాళీ చేయమన్నప్పటి ఇత్తడి గిన్నె కళ్లముందుకొచ్చింది.

నిజాం కాలం, హాలీ రూపాయిల రోజులు. నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మా ఆయన పోయేనాటికి నాకు ఇరవై రెండేళ్లు, చంకలో ఈ పిల్లవాడు, గౌలిపురలో రెండు వాటాల పెంకుటిల్లు. బావగారు తాళాలు తన చేతికిచ్చి వాళ్లింటికి వచ్చేయమన్నారు. ఆ ఇంటి పొయ్యి దగ్గర నా బతుకు ఎలా తెల్లవారుతుందో తెలుసు కనుక, పక్కవాటా కిరాయితోనే బతుకుతానని మొండికేశాను. ఆ వాటాలో ఉన్న పాలాయనేమో నాలుగు నెలలుగా పైసా ఇవ్వలేదు. ఎప్పుడడిగినా బర్రె ఈననీ అమ్మా అనేవాడు. బర్రె ఈనేదాకా నా కొడుకు ఆకలి ఆగుతుందా? అమావాస్యలోగా ఖాళీ చేయమని కచ్చితంగా చెప్పేశాను.

అమావాస్య రెండు రోజులుందనగా బర్రె ఈనింది. అతని భార్య మాకూ గిన్నెనిండా జున్ను పంపింది. పిల్లవాడు వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. నేను పత్తర్‌గట్టిలో గుడ్డల దుకాణం వాళ్లింట పుట్టినదాన్ని, పాలు గుమ్మంలో కొలిపించుకోవడం తప్ప పశువుల సంగతి ఏమీ ఎరగను. పొమ్మన్నవాళ్ల సొమ్ము నాకు అంటకూడదన్న పౌరుషంతో, ఆ గిన్నెను బూడిద పెట్టి తళతళలాడేలా తోమి, ఉత్తదే తిరిగి పంపాను.

మర్నాడు బర్రె చేపలేదు, పొదుగులోకి పాలు దించలేదు. దూడను వదిలినా తన్నింది. పాలాయన మా వాకిట్లోకి వచ్చి, అరుస్తాడనుకుంటే, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఖాళీ చెయ్యమంటె చేస్తుంటిమి గదమ్మా. గిన్నె గట్ల తోమి పంపుతరా? నా బర్రె ఎండిపోవాల్నా?"

జున్ను పంపిన గిన్నెను కడగకుండా, అడుగున ఇంత బెల్లమో బియ్యమో వేసి ఇవ్వాలట. కడిగి ఉత్తది పంపితే పొదుగు ఎండిపొమ్మని శపించినట్టేనట. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఎదురింట్లో నేను ఖాలా అని, అంటే పిన్నీ అని పిలిచే మా అమ్మ ఈడు మనిషి, "ఫికర్ చేస్తె ఏమొస్తది బేటీ, నీ చేతులతోనే బెల్లం తినిపియ్ పో" అని కసిరింది. విధవ చేయి ఈనిన పశువుకు తగలవచ్చునా అని నేను జంకుతుంటే, పాలాయనే పక్కకు తప్పుకుని, రాండమ్మా అన్నాడు. తవుడులో బెల్లం కలిపి తినిపించాను. మూడో రోజుకు బర్రె చేపింది. నా బెల్లం వల్లనో, దానికే బుద్ధిపుట్టో, ఈనాటికీ నాకు తెలియదు.

మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇంకో మూడు నెలలు గడువిచ్చి, పాత బాకీ తీరకపోతే వెళ్లాల్సిందేనన్నాను. తీరలేదు. గడ్డి ధర, భార్య జబ్బు, అతను చెప్పినవన్నీ నిజాలే. అయినా నేను కరిగితే తాళాలు బావగారి చేతికి పోతాయి. వెళ్లేరోజు అతని భార్య అదే గిన్నెతో పాలు తెచ్చింది. పాలు ఒంపుకుని, కడగకుండా, అడుగున బెల్లం గడ్డ పెట్టి ఇచ్చాను. ఆమె దాన్ని కొంగున చుట్టుకుని బర్రె వెనకాల నడిచిపోయింది. ఏడుస్తూనే ఆ తలుపుకు తాళం వేశాను.

ఇప్పటి నోటీసు మీదా సంతకం పెట్టాను. కిరాయి ఇవ్వనివాళ్లను పొమ్మనడం తప్పని నేనెన్నడూ అనుకోలేదు. కానీ మేడమీది ఇల్లాలు రెండేళ్లుగా నా నెత్తిమీదే తిరుగుతోంది, ఆమె ఏం వండుతుందో కూడా నాకు తెలియదు. ఇప్పుడు పాలు కూడా ప్యాకెట్లలోనే వస్తాయి. సంతకం చేశాక ఎందుకో వంటింట్లోకి వెళ్లి, వాళ్ల గిన్నె ఏదైనా మా ఇంట్లో ఉండిపోయిందేమో, బెల్లం వేసి ఇచ్చేద్దామని అలమారా అంతా వెతికాను. ఒక్కటీ లేదు.